మానుషులు

నా పని రాత.
లంగర్‌హౌస్ నుంచి నార్సింగి దాకా
రోడ్డుకు రెండు దిక్కుల చెట్లకు నంబర్లు రాసుడు.
తెల్లరంగు డబ్బ, రెండించుల కుంచె,
రోజుకు ఆరు వందలు, చాయ్ మనదే.

పదకొండు వందల నలభయ్యేడు
ఒక నిద్రగన్నేరు.
ఏడు అంకెకు తోక దింపుతుంటే
బెరడు వణికింది,
ఈగ వాలితే ఆవు తోలు వణుకుతది చూడు, అట్ల.
ఎండదెబ్బ అనుకున్న.
మజ్జిగ తాగి పన్నెండు వందలు దాటిన.

నెల తర్వాత లెక్క సరిచూస్తే
నలభయ్యేడు, నలభయ్యారుకు ముందున్నది.
వామన్‌రావు సారు నా నోరు వాసన చూసి
సగం దినం కూలి కోసిండు.
క్రేన్ నడిపే ఖలీల్ భాయ్ మాత్రం
బీడీ చెప్పు కింద నలిపి
"పన్నెండేండ్ల సంది చూస్తున్న, చుప్ ఉండు మియా" అన్నడు.

ఆ రాత్రి నుంచి నాకు నిద్ర లేదు.
నిద్రగన్నేరుకు కూడ లేదని తెలిసింది.
పొద్దుగూకంగనే ఆకులు ముడుస్తది,
మనం పోయేదాకా
దొంగనిద్ర.

వాళ్ళను ఏమని పిలవాలె?
చెట్లంటే తక్కువైతది,
మనుషులంటే తిట్టినట్టుంటది.
మానుషులు అనుకున్న, నా మట్టుకు నేను.
మాను కిందున్నవి వేర్లు కావు, వేళ్ళు.
మట్టిని పిసుక్కుంట నడుస్తరు,
మంజీర పైపు పగిలిన కాడికి పోతరు,
గోల్కొండ గుండ్లతోని ముచ్చట పెడతరు.
గుండ్లు ఇంకా నిదానం.

ఎండల రాసిన నంబరుకు
బతుకమ్మల నాడు మాటొచ్చింది.
గొంతు కాదు,
అరచేయి ఆనిస్తే మోచేతి దాకా ఎక్కే జలదరింపు:
"నా మీద ఇదేంది?"
కొట్టేసే లెక్క అని ఏ నోటితోని చెప్పాలె?
"పేరు" అన్న.

ఆ అబద్ధం అతికింది కూడ.
ఫ్లైఓవర్ కింద సిమెంటు కాళ్ళకు నంబర్లుంటయి,
'పిల్లర్ డెబ్బయ్యొకటి కాడ దిగు' అని
ఊరంత వాటినే పిలుస్తది.
వాటిని చుట్టాలనుకున్నరు వాళ్ళు,
పలుకరించినా పలుకని
పొగరుబోతు చుట్టాలు.

కార్తీకంల ఆమె పూసింది.
కాలం కాని కాలం,
ఒళ్ళంత గులాబి కుచ్చులు.
పేరొచ్చిన ముచ్చట మట్టిల మట్టినే
మూసీ ఒడ్డు దాకా పోయింది.
లెక్కల లేని కానుగొకటి
గోడ దాటి ముందుకొచ్చి నిలబడ్డది,
దాని వెనుక రెండు వేపలు,
మిలటరీ కాంపౌండుల నుంచి ఒక ముసలి చింత,
వంగి, రొమ్ము చూపించి,
నాకూ ఒక పేరు రాయమని.

మా అమ్మ ఈరమ్మ యాదికొచ్చింది.
మూసీ పక్క మా రేకుల ఇంటి తలుపు మీద
ఎవరో ఎర్ర అచ్చరాలు రాసిపోయిన నాడు
కరెంటు మీటరిస్తరు కావచ్చని
గడపకు పసుపు పూసింది.

టెండరు తేలింది.
సోమవారం మిషన్లు.
మన మాట వాళ్ళ చెవికి దోమపాట.
"సాగదియ్యాలె మియా,
రాత్రికి ఒక్క అచ్చరం" అన్నడు ఖలీల్ భాయ్.
బెరడుకు పెదవులానిచ్చి
బుధవారం తెల్లారేదాకా "న" అన్న.
నా ఊపిరి తెగిన కాడ ఆయన అందుకున్నడు.
గురువారం "డు".
శుక్రవారం గొంతు పోయింది,
అయినా మళ్ళ "న".

టర్పెంటైన్ గుడ్డ జేబులనే ఉన్నది.
తుడువ చెయ్యి రాలే.
ఏడు తోక చుట్టూ
కొత్త తోలు పుట్టించుకున్నది ఆమె,
పేరు చెదరకుండ.

ఇయ్యాల ఆదివారం.
పొగమంచుల డీజిల్ వాసన.
ట్రైలర్ వచ్చి టైర్లకు రాళ్ళు పెట్టుకున్నది.
ఖలీల్ భాయ్ తాళంచెవి పోయిందంటున్నడు,
పిడికిట్ల పట్టుకొనే.
నేను చెప్పులిడిచి కూసున్న.
కాలి వేళ్ళ కింద మట్టి
వేలెడంత నెర్రె బాసింది.
నా బరువుకా?
ఆమె విన్నదా?

టార్చి వెయ్య బుద్ధి కాలే.